తాళం కన్నంలోంచి సంస్కృతి రక్షణ

చూశారా? చూడలేదా? చూడకుండానే ఛీ అన్నారా? మంచిది. మెజారిటీలో ఉన్నారు.

'మేడ్ ఇన్ హెవెన్' సంగతి చెబుతున్నా. 2019 మార్చిలో అమెజాన్ ప్రైమ్‌లో మొదలైంది. రెండో సీజన్ 2023 ఆగస్టులో దిగింది. జోయా అఖ్తర్, రీమా కాగ్తీల ధారావాహిక. అందులో కరణ్ మెహ్రా అనే కుర్రాడు ఢిల్లీలో కోటీశ్వరుల పెళ్లిళ్లు చేయిస్తుంటాడు. మండపం, పూలు, బ్యాండు, భోజనాలు అన్నీ అతని చేతి మీదుగానే. ఊరందరికీ పెళ్లి చేసే ఆ పెద్దమనిషికి తన పెళ్లి మాత్రం ఈ దేశంలో కుదరదు. అతనికి ఇష్టమైంది మగవాళ్లు కాబట్టి. ఆ పాత్ర వేసిన అర్జున్ మాథుర్ 2020లో ఇంటర్నేషనల్ ఎమ్మీ ఉత్తమ నటుడి నామినేషన్ దాకా వెళ్లాడు. అక్కడి జూరీకి నచ్చింది. మరి అమీన్‌పూర్ జూరీకి?

హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ జూరీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కూర్చుంటుంది. ఆదివారం సాయంత్రం. ప్లాస్టిక్ కుర్చీలు. ఎజెండాలో మొదటిది నీళ్ల ట్యాంకర్ల బిల్లు. రెండోది ఆగిపోయిన లిఫ్టు. రెండూ పది నిమిషాల్లో వాయిదా. ఆ తర్వాత దేశ సంస్కృతి. అది గంటన్నర.

"గిదేం సీరియలన్నా? ఇంట్ల ఆడోళ్లుంటరు, పోరగాళ్లుంటరు. గిట్లాంటియి చూపిస్తరా?" అని సెక్రటరీ సారు.

"నువ్వు చూసినవా?"

"ఛీ! నేనెందుకు చూస్త? ఆరో ఎపిసోడ్ దాక చూసి బంద్ చేసిన."

ఆరో ఎపిసోడ్ దాకా! ఒక్కోటి ఇంచుమించు గంట. అంటే సారు ఆరు గంటలు కళ్లార్పకుండా అసహ్యించుకున్నాడన్నమాట. ఓర్పు అంటే అదీ. లిఫ్టు మెకానిక్‌కు ఫోన్ చేయడానికి మాత్రం సారుకు రెండు నెలలుగా తీరిక లేదు.

జూరీ తీర్పు ఏమిటంటే, ఇది ఫ్యామిలీతో చూసేది కాదు. ఒప్పుకుందాం. దానికి పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకే అని ముందే ముద్ర ఉంది. ఎవరూ మిమ్మల్ని మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని చూడమనలేదు. కానీ ఫ్యామిలీతో మనం చూసేవి ఏమిటి? రోజూ సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి పదింటిదాకా మన హాల్లో ఏం ఆడుతోంది? పాలల్లో విషం. మెట్ల మీద నూనె. కోడలి కడుపులో బిడ్డ ఎవరిదన్న పంచాయితీ. 'కార్తీకదీపం' 2017 నుంచి 2023 దాకా మన ఇళ్లేలింది. అందులో మొగుడు డాక్టరు. పెళ్లాం మీద అనుమానం. ఒక్క డీఎన్ఏ పరీక్షతో తేలిపోయే ముచ్చటను ఏళ్లకేళ్లు సాగదీశాడు. ఆ అనుమానాన్ని అన్నంలో కలుపుకుని తిన్నాం. పిల్లలకూ తినిపించాం. అది ఫ్యామిలీ డ్రామా. ఇద్దరు మగవాళ్లు సోఫాలో పక్కపక్కన కూర్చుని 'ఈ రోజు ఎట్లా గడిచింది' అని ఒకరినొకరు అడిగితే మాత్రం దిగజారుడు.

సినిమాలకు వద్దాం. 2017లో 'అర్జున్ రెడ్డి' పోస్టర్ మీద ముద్దు ఉందని కాంగ్రెస్ నేత వి.హనుమంతరావు గారు ఆర్టీసీ బస్సు మీది పోస్టర్‌ను స్వహస్తాలతో చించారు. జనం ఏం చేశారు? టికెట్లు చించారు. 2023లో అదే దర్శకుడు 'యానిమల్' తీశాడు. మూడు గంటల ఇరవై నిమిషాల నరుకుడు. 'ఏ' సర్టిఫికెట్. మన మల్టీప్లెక్సుల్లో పాప్‌కార్న్ బకెట్ పట్టుకున్న ఆరేళ్ల పిల్లలు కనిపించలేదా? గొడ్డళ్లతో మనుషుల్ని నరికితే 'మాస్'. ఆడపిల్ల వద్దంటున్నా వెంటపడితే 'లవ్'. చెంప పగలగొడితే 'ప్యాషన్'. ఒకడు ఇంకొకణ్ణి బతిమాలకుండా, బెదిరించకుండా, నరకకుండా ప్రేమిస్తే అది మాత్రం 'ఏందిరా బై ఇది'!

"మనకు అలవాటు లేదు, మన తెరకు కొత్త" అంటారు మర్యాదస్థులు. కొత్తా? ఎవరికండీ కొత్త? ముప్పయ్యేళ్లుగా తెలుగు కామెడీ ట్రాకు దేని మీద బతికింది? చేతులు తిప్పుకుంటూ ఒకడొస్తాడు. హీరో ఫ్రెండు బెదిరిపోయి వెనక్కి జరుగుతాడు. 'ఆ టైపా?' అంటాడు. హాలంతా గొల్లుమంటుంది. 'తేడా' అన్నది జోకు. 'పాయింట్ ఫైవ్' అన్నది జోకు. టీవీ స్కిట్లలో మగాడికి చీర కట్టి, జడ వేసి, జడ్జి సీట్లో కూర్చున్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వి, పది మార్కులు. ఇదంతా రాత్రి తొమ్మిదిన్నరకు, అమ్మా నాన్నా పిల్లలూ కలిసి, కంచాలు ముందు పెట్టుకుని. అప్పుడు సంస్కృతికి ఏమీ కాలేదు. మధ్యలో ఒక మాట. చీర కట్టినవాడల్లా గే కాదు. గే అయినవాడల్లా చీర కట్టడు. ట్రాన్స్‌జెండర్ల బతుకు ఇంకో కథ. ఈ మూడు ముక్కలు తెలుసుకోవడానికి ఓటీటీ సభ్యత్వం కూడా అక్కర్లేదు.

అంటే ఏమిటి? తెర మీద గే మనిషి ఉండొచ్చు. నవ్వులాటకు ఉండాలి. తన్నులు తినడానికి ఉండాలి. అతనికి ఒక పేరు, ఒక ఉద్యోగం, కట్టాల్సిన అద్దె, మాట్లాడటం మానేసిన తల్లి ఉంటే మాత్రం మనకు కళ్లు మండుతాయి.

'ఆర్‌ఆర్‌ఆర్' గుర్తుందా? 2022లో ప్రపంచం చుట్టింది. అమెరికాలో కొందరు ప్రేక్షకులు రామ్, భీమ్‌ల దోస్తీ చూసి 'ఇది ప్రేమకథే కదా' అని మురిసిపోయారు. ఆస్కార్ అందుకున్న సౌండ్ డిజైనర్ రసూల్ పూకుట్టి కూడా అదే ఏడాది జూలైలో దాన్ని 'గే లవ్ స్టోరీ' అని ట్వీటాడు. ఈయన మురిసిపోయి అనలేదు, వెక్కిరించాడు. మనవాళ్లు భగ్గుమన్నారు. వెక్కిరించినందుకు కాదు సుమా! 'గే' అన్నందుకు. ఒకడు ఇంకొకడి భుజాలెక్కి తెల్లోళ్ల మీద తుపాకులు పేల్చొచ్చు. ఒకడి కోసం ఇంకొకడు ప్రాణం పెట్టొచ్చు. ఒకడి చూపు కోసం ఇంకొకడు నాలుగు నిమిషాల పాట పాడుకోవచ్చు. దానికి ఆ పేరు మాత్రం పెట్టకూడదు. ఆ రచ్చలో బుర్ర పెట్టి మాట్లాడినవాళ్లలో 'బాహుబలి' నిర్మాత శోభు యార్లగడ్డ ఒకరు. 'ఇది గే ప్రేమకథ అని నేననుకోను, ఒకవేళ అయినా అందులో తప్పేముంది' అన్న అర్థంలో అడిగారు. ఆ ప్రశ్నకు ఇప్పటిదాకా ఏ అభిమాన సంఘమూ పాలాభిషేకం చేయలేదు.

తెలుగు టీవీ గే మగవాళ్ల జీవితాల మీద ఒక్క డ్రామా కూడా వేయలేదని ఎవరన్నారు? వేసింది. 2011 ఫిబ్రవరిలో. టీవీ9లో. అసలు సిసలు లైవ్ డ్రామా. నటులు తాము నటులమని తెలియకుండానే నటించిన డ్రామా. హైదరాబాద్‌లో 'గే కల్చర్' పెచ్చరిల్లిపోతోందని స్టింగ్. పరిచయాల వెబ్‌సైట్‌లో ఉన్న మగవాళ్లకు, తామూ అలాంటివాళ్లమే అన్నట్టు ఫోన్ చేశారు. వాళ్లు నమ్మి మాట్లాడారు. ఆ మాటల్ని రికార్డు చేశారు. ఫొటోలతో సహా తెర మీదికి ఎక్కించారు. వెనకాల ఉరుములు. మధ్యమధ్యలో 'బ్రేక్ తర్వాత మరిన్ని సంచలనాలు'. ఆ రాత్రి ఆ కుర్రాళ్ల ఇళ్లల్లో ఏం జరిగి ఉంటుంది? నాన్న సోఫాలోంచి లేచాడా? తమ్ముడు రిమోట్ కోసం వెతికాడా? పొద్దున ఆఫీసుకు ఎట్లా వెళ్లారు? ఆ ఎపిసోడ్ ఎవరూ తీయలేదు. దానికి రేటింగ్ రాదు.

ఇంకో ముక్క. అప్పటికి అది నేరం కూడా కాదు. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు ఇష్టపడిన ఇద్దరు పెద్దల మధ్య సంబంధాన్ని శిక్షాస్మృతిలోని 377 సెక్షన్ నుంచి బయటికి తీసింది. అంటే పట్టుకోవడానికి నేరం లేదు. బయటపెట్టడానికి కుంభకోణం లేదు. ఉన్నది ఒక్కటే. కొందరు కుర్రాళ్ల గుట్టు. దాన్ని అమ్ముకున్నారు. చివరికి జస్టిస్ జె.ఎస్.వర్మ నేతృత్వంలోని న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ స్టాండర్డ్స్ అథారిటీ పట్టుకుంది. గోప్యతకు భంగం కలిగించారని, స్టింగ్ నిబంధనలు తుంగలో తొక్కారని తేల్చింది. లక్ష రూపాయల జరిమానా వేసి, క్షమాపణ ప్రసారం చేయమంది. లక్ష! ఆ లక్ష ఎన్ని ప్రకటనల్లో తిరిగొచ్చి ఉంటుందో టీవీ వ్యాపారం తెలిసినవాళ్లనడగండి.

మరి ఆనాడు ప్రేక్షక దేవుళ్లు ఏమన్నారు? 'పిల్లలు చూస్తారు' అన్నారా? 'ఫ్యామిలీతో చూడలేం' అన్నారా? చూశారు కదండీ, బుద్ధిగా! దొంగచాటు కెమెరాలోంచి చూస్తే వార్త. నటులు, రచయితలు, దర్శకులు కష్టపడి కథగా చెబితే బరితెగింపు. ఇదెక్కడి న్యాయం?

'మేడ్ ఇన్ హెవెన్' రాసినవాళ్లకు మన టీవీ9 సంగతి తెలుసో లేదో గానీ, మొదటి సీజన్‌లో వాళ్లు పెట్టింది సరిగ్గా ఇదే. కరణ్ అద్దెకున్న ఇంటి యజమాని. మర్యాదస్థుడు. సంసారి. అద్దెకున్న కుర్రాడి గదిని రహస్యంగా వీడియో తీస్తాడు. కూర్చుని చూస్తాడు. ఆ తర్వాత ఆ వీడియోనే సాక్ష్యంగా పట్టుకెళ్లి పోలీసులకిస్తాడు. కరణ్ లాకప్పులో పడతాడు. తన్నులు తింటాడు. కథ ముందుకెళ్తే తెలుస్తుంది, ఆ యజమాని గుండెలో మూట కట్టి దాచుకున్న కోరికా అదేనని. వినయ్ పాఠక్ వేశాడు ఆ పాత్రను. ఆ ధారావాహికలో నన్ను భయపెట్టిన మనిషి పోలీసోడు కాదు, ఇతనే. ఎందుకంటే పోలీసోడు స్టేషన్‌లో ఉంటాడు. ఇతను మనకు ప్రతి నెలా ఐదో తారీఖున ఫోన్ చేస్తాడు.

సెక్రటరీ సారు ఆరో ఎపిసోడ్ దగ్గర ఎందుకు ఆపాడో ఇప్పుడర్థమైందా? నేనేమీ అనలేదు. ఊరికే అడిగా.

అమీన్‌పూర్‌లో బీరంగూడ కమాన్ నుంచి లోపలికి నడవండి. కరెంటు స్తంభాలు, ప్రహరీ గోడలు, గేట్లు చూసుకుంటూ వెళ్లండి. 'టు లెట్. డబుల్ బెడ్రూం. ఫ్యామిలీస్ ఓన్లీ. నో బ్యాచిలర్స్.' ఓనరమ్మ గేటు సందులోంచే ఇంటర్వ్యూ మొదలుపెడుతుంది. పెళ్లయిందా బాబూ? ఎంతమంది ఉంటరు? మీరేంటోళ్లు? నాన్‌వెజ్ తింటరా? దోస్తులు వస్తరా? రాత్రి ఎన్నింటికొస్తవు? ఐఏఎస్ ఇంటర్వ్యూ ఇంతకంటే నయం. అందులో కులం అడగరు. ఒకవేళ గదిలో దిగినా, గేటు దగ్గర సీసీ కెమెరా, మెట్ల దగ్గర ఇంకోటి, వాటికి తోడు వాచ్‌మన్ భార్య. 'ఆ పిల్లగాని రూముకు ఒక్కడే దోస్తు మల్ల మల్ల వస్తుండు సార్' అని రిపోర్టు సాయంత్రానికల్లా పైకెళ్తుంది.

అదే పటాన్‌చెరు వెనక సందుల్లోకి వెళ్లండి. ఒక్క గది. రేకుల కప్పు. బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన మగవాళ్లు ఆరుగురు, ఎనిమిది మంది. పగటి షిఫ్టు వాళ్లు లేస్తే రాత్రి షిఫ్టు వాళ్లు అదే చాప మీద పడుకుంటారు. తలకింత అని అద్దె. అక్కడ 'నో బ్యాచిలర్స్' బోర్డు లేదేం? అక్కడ ఓనరుకు సంస్కృతి గుర్తుకు రాదేం? మగవాళ్లు ఒకే చాప మీద పడుకోవడం మనకు ఎన్నడూ తప్పు కాదు, తలకింత ముడితే. వాళ్ల మధ్య ప్రేమ ఉందని తెలిస్తేనే ఇల్లు మైలపడుతుంది.

"గిట్లాంటోళ్లు మన దిక్కు లేరు సార్. బొంబాయిల, ఢిల్లీల ఉంటరు. పైసలున్నోళ్ల రోగం." ఇది జూరీలో రిటైర్డ్ పెద్దాయన అభిప్రాయం. పెద్దాయనను తప్పుపట్టడానికి లేదు. ఆయన మాటనే కేంద్ర ప్రభుత్వం ఇంగ్లిషులో రాసి 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టుకిచ్చింది. స్వలింగ వివాహం కోరడం నగరాల్లోని ఉన్నత వర్గాల గొడవ మాత్రమేనట. నగర ఉన్నత వర్గం! రాత్రి పదిన్నరకు పటాన్‌చెరు బస్టాండ్ దగ్గర నిలబడండి. బి షిఫ్టు వదిలాక ఫార్మా కంపెనీ బస్సు ఆగుతుంది. దిగే నలభై మందిలో ఒకణ్ణి ఊహించుకోండి. ఒంటి మీద ఇంకా సాల్వెంట్ వాసన. చెవిలో ఇయర్‌ఫోన్. ఫోన్ వెలుతురు బాగా తగ్గించి, తెరను ఛాతీవైపు తిప్పుకుని ఏదో చూస్తున్నాడు. మీరు ఛీ అన్నదే చూస్తున్నాడు. మధ్యలో ఫోన్ మోగింది. "బిడ్డా, జోగిపేట సంబంధం మంచిదట. పిల్ల డిగ్రీ చదివింది. ఆదివారం వస్తవా?" "చూద్దాంలే అమ్మా, ఓటీ ఉంది." ఓటీ లేదు. ప్రతి ఆదివారం అతనికి ఓటీయే. వీడేనా సార్ మీ ఉన్నత వర్గం? జీతం స్లిప్పు చూపించమంటారా?

'పెళ్లి చేస్తే అదే సర్దుకుంటది.' ఈ ఒక్క వాక్యంతో మన దగ్గర ఎన్ని ఇళ్లు కూలాయో! అది జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో తేల్చిచెప్పింది. దాన్ని 'మారుస్తామ'నే వైద్యం వృత్తి ధర్మానికి విరుద్ధమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. మనం వింటామా? మనకు డాక్టర్ల కంటే మ్యారేజ్ బ్యూరో గొప్ప. అబ్బాయికి చెప్పే ధైర్యం లేదు. తల్లిదండ్రులకు వినే ఓపిక లేదు. మధ్యలో జోగిపేట పిల్ల ఏం పాపం చేసింది? పదిహేను తులాల బంగారం, కారు, ఫంక్షన్ హాలు ఇచ్చి, జీవితాంతం 'నాలో ఏం లోపం' అని అద్దం ముందు నిలబడటానికా ఆమె డిగ్రీ చదివింది? దీన్ని కుటుంబ విలువలు అంటారట.

ఈ ఒక్క ముక్క మీద మలయాళం వాళ్లు సినిమా తీశారు. 'కాదల్ ద కోర్'. 2023 నవంబర్. జియో బేబీ దర్శకుడు. పెళ్లయి ఇరవై ఏళ్లయిన భర్త. స్థానిక ఎన్నికల్లో అభ్యర్థి. నువ్వు గేవు, నాకు విడాకులు కావాలి అని భార్యే కోర్టుకెళ్తుంది. భర్తగా వేసింది మమ్ముట్టి. డెబ్బయ్యేళ్లు దాటిన సూపర్‌స్టార్. వేయడమే కాదు, తన సొంత సంస్థ నుంచే తీశాడు. కువైట్, ఖతార్‌లు నిషేధించాయి. కేరళ కొట్టుకుపోలేదు. మన హీరోల సంగతి? అరవై దాటినా పాతికేళ్ల పిల్లతో స్విట్జర్లాండ్‌లో స్టెప్పులేయాలి. 'ఇమేజ్ దెబ్బతింటుంది సార్' అంటాడు మేనేజర్. మమ్ముట్టికి ఇమేజ్ లేదా? లేక మన ఇమేజే అంత పలచగా ఉందా?

చట్టం సంగతి గబగబా చెప్పేస్తా, మీకూ విసుగే. 377 సెక్షన్ మెకాలే ముసాయిదా రాయగా 1860లో తెల్లోళ్లు మన నెత్తిన పెట్టిన శిక్షాస్మృతిలోది. తెల్లోడి చట్టాన్ని 'మన సంస్కృతి' అనుకుని నూటయాభై ఏళ్లకు పైగా కాపలా కాశాం. 2009లో ఢిల్లీ హైకోర్టు సడలిస్తే, 2013 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు మళ్లీ బిగించింది. 2018 సెప్టెంబర్ 6న అదే సుప్రీంకోర్టు విప్పేసింది. పెళ్లి హక్కు కోసం వెళ్లిన కేసుకు పేరు ఎవరిదనుకున్నారు? మన హైదరాబాద్ జంటది. సుప్రియో చక్రవర్తి, అభయ్ దంగ్. 2021 డిసెంబర్‌లో బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్నారు. 2023 అక్టోబర్ 17న అయిదుగురు న్యాయమూర్తులు 'పెళ్లి మా చేతుల్లో లేదు, పార్లమెంటును అడగండి' అన్నారు. పార్లమెంటును అడగాలట! పార్లమెంటు నవ్వుతుందో ఏడుస్తుందో మీకు తెలియదా?

అయితే ప్రభుత్వం మరీ రాతిగుండెదేమీ కాదు. 2024లో రెండు వరాలిచ్చింది. ఇలాంటి జంటలు బ్యాంకులో జాయింట్ అకౌంట్ తెరవొచ్చు. రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్లుగా రాయించుకోవచ్చు. మహాప్రసాదం. పెళ్లయిన మొగుడూపెళ్లాలే కొత్త రేషన్ కార్డు కోసం మన దగ్గర ఏళ్లకేళ్లు మీసేవ చుట్టూ తిరిగారు. ఇప్పుడు ఈ ఇద్దరబ్బాయిలు వెళ్లి లైన్లో నిలబడాలి. కార్డు మీద రాయడానికి ఇంటి నంబరు కావాలి. ఇంటి నంబరు కావాలంటే ఇల్లు అద్దెకు దొరకాలి. ఓనరమ్మ గేటు సందులోంచి అడుగుతుంది: పెళ్లయిందా బాబూ?

జూరీకి ఇంకో దిగులుంది. 'సమాజం కలుషితమైపోతున్నదన్నా.' నిజమే. ఎక్కడ కూర్చుని అంటున్నారో చూడండి. పటాన్‌చెరు పక్కన! 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షిస్తే లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. అది 'శుద్ధి' చేశాక. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశం అన్నారు. ఆ వారసత్వంలోకి మన అపార్ట్‌మెంట్ల మురుగు ఏ పైపు గుండా పోతోందో సెక్రటరీ సారుకు తెలుసు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలింది. యాభై మందికి పైగా పోయారు. కొందరి శవాలు కూడా ఇంటికి చేరలేదు. ఆ తర్వాతి ఆదివారం సెల్లార్ మీటింగ్‌లో దాని మీద ఎన్ని నిమిషాలు మాట్లాడారు? గంటన్నర మాట్లాడారా? ఎవరైనా కలెక్టరేట్‌కు వెళ్లారా? ఒక్క అర్జీ రాశారా? కరణ్ మెహ్రా మీద మాత్రం మీ దగ్గర ఆరు ఎపిసోడ్ల ఆవేశం ఉంది.

"అయితే మన తెలుగు చానళ్లే తీయొచ్చు కదా, మన పద్ధతిలో" అంటారు కొందరు సదుద్దేశపరులు. హిందీలో స్టార్ ప్లస్ 2010లోనే 'మర్యాద' సీరియల్లో గే భర్త కథ నడిపింది. బ్రిటన్‌లో ఛానల్ 4 అంతకు ముందే, 1999లో, మాంచెస్టర్ గే కుర్రాళ్ల మీద 'క్వీర్ యాజ్ ఫోక్' వేసింది. అక్కడా ప్రేక్షకులు రచ్చ చేశారు. స్పాన్సర్‌గా ఉన్న బెక్స్ బీర్ తప్పుకుంది. బీర్ కంపెనీకి కూడా పరువుంటుందని అప్పుడే తెలిసింది. మరి మనం? రండి, జూబ్లీహిల్స్‌లో ఓ స్టోరీ సిట్టింగ్‌కు వెళ్దాం. ఏసీ గది. గ్రీన్ టీ. గోడ మీద గురువారం వచ్చిన రేటింగులు.

"కాన్సెప్ట్ కిరాక్ ఉంది. బోల్డ్. హీరో గే."

"సూపర్. కానీ హీరో అంటే కష్టం. హీరో తమ్ముడు చేద్దామా?"

"సరే, తమ్ముడు. మొదటి ఎపిసోడ్‌లోనే మరదలి మెడలో తాళి కట్టేస్తాడు."

"అదేంటి, గే అన్నారుగా?"

"మేనత్త ఆస్తి రాసిస్తానంది. తాళి లేకుండా మన ఆడియన్స్ కూర్చోరు."

"కరెక్ట్. మరి గే అని ఎప్పుడు చెబుతాం?"

"చెప్పం. అత్తగారికి అనుమానం. ఇరవై ఎపిసోడ్లు అనుమానం. తలుపు చాటు నుంచి వింటుంది. ఉరుము. తిరిగి చూస్తుంది. మూడుసార్లు ఉరుము."

"స్వామీజీ ట్రాక్ పెట్టండి. శ్రావణ మాసంలో కలిసొస్తుంది."

"పెట్టా. నలభై ఒక్క రోజుల దీక్ష. నలభయ్యో రోజు యాక్సిడెంట్. తలకు దెబ్బ. లేచేసరికి మామూలైపోతాడు. మరదల్ని చూసి 'నువ్వెవరు, ఇంత అందంగా ఉన్నావు' అంటాడు. పాట."

"అబ్బ! కన్నీళ్లొచ్చేశాయి. మరి ఆ రెండో అబ్బాయి? వీడు ప్రేమించినవాడు?"

"వాడు విలన్. డ్రగ్స్ అమ్ముతాడు. లోయలో పడిపోతాడు."

"స్పాన్సర్లు ఒప్పుకుంటారా?"

"పసుపు, కుంకుమ బ్రాండ్ వాళ్లతో మాట్లాడాం. ఓకే అన్నారు. ఒక్కటే కండిషన్."

"ఏమిటి?"

"ఆ ఇద్దరబ్బాయిలూ ఒకే ఫ్రేములో కనిపించకూడదంట."